ముడి తర్వాత వేలెడు దారం

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
ఆదివారం మధ్యాహ్నం

బావకి,

నీ నీలవేణి రాసుకుంటున్నది. ఇక్కడ మీ అమ్మా, నేనూ, మన వినీలా ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ మిజోరం కొండల మీద వానకి తడవకుండా, వేళకి ఇంత వేడన్నం తింటూ బాగున్నావనే నమ్ముతున్నాను. బాగాలేకపోయినా బాగున్నాననే రాస్తావు గనక, సెలవు మీద వచ్చిన మీ సైటు గణపతిరావుని గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. "అన్న కాస్త సిక్కినాడు గానీ, వంతెన మీదికెక్కితే కుర్రోడే వదినా" అన్నాడు. చిక్కిన సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా లేదే!

నువ్వు పంపిన ఉత్తరం, అల్లం, అత్తకి ఉన్ని శాలువా అన్నీ అందాయి. శాలువా చూసి అత్త, "ఈ ఉక్కలో సాలువేటిరా నాయనా" అని పకపకా నవ్వింది. నవ్విందే గానీ, ఆ రోజు నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంటోంది. నన్ను మడత కూడా విప్పనివ్వడం లేదు.

గణపతిరావు రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతే పంపుతున్నాను. దానికి ముందు ఒక మాట. అతని నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలిసిందే. వచ్చిన మర్నాడే ఇండస్ట్రియల్ పార్క్ బస్సు దగ్గర మన వినీలని ఒక అవతారంలో చూశాడు. అప్పట్నుంచి నేను ఎదురుపడితే చాలు, ముసిముసి నవ్వులు నవ్వుతున్నాడు. నువ్వు అతన్ని ఏమీ అడగకు. అతను చెప్పబోయినా వినకు. ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. కోపం వస్తే రానీ, మధ్యలో మడిచి జేబులో మాత్రం పెట్టకు. నీ కోపం నాకు కొత్తా? దాన్ని అలాగే మడిచి దాచుకుని, ఎప్పుడో కూరలో ఉప్పు తక్కువైన రోజున బయటికి తీస్తావు.

ఇక నువ్వడిగిన వాటికి జవాబులు. అత్త మోకాలు మునుపటి కన్నా నయం. నూనె రాస్తానంటే వద్దంటుంది, రాయకపోతే "నా గురించి ఎవులికి పట్టిందిలే" అంటుంది. అందుకని అడక్కుండా రాసేస్తున్నాను. వంటింటి కప్పు కారడం ఆగింది. పెరట్లో జామచెట్టు విరగకాసింది. సగం చిలకలకి, సగం దారిన పోయే స్కూలు పిల్లలకి, మనకి ఆకులు ఊడ్చుకునే భాగ్యం.

ఆ తర్వాత వినీల గురించి రెండు అడిగావు. ఫిజిక్స్ ట్యూషన్ ఎలా సాగుతోంది, సారు బాగా చెబుతున్నాడా అని ఒకటి. దాని కింద ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాశావు. "ఫోను చేస్తే పిల్ల నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బాగున్నాను నాన్నా అనేసి నీకిచ్చేస్తోంది. నేనేం తప్పు చేశాను నీలా?" అని.

ఆ కొట్టేసిన గీత చూశాకే ఈ కాగితం తీశాను బావా. నువ్వే తప్పూ చేయలేదు. చేసినదాన్ని నేను. నీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ట్యూషన్ లేదు. సారూ లేడు. వినీల పదకొండో క్లాసు చదువుకుంటూనే, వారంలో మూడు మధ్యాహ్నాలు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక చిన్న కార్ఖానాకి వెళ్లి ఫిట్టర్ పని నేర్చుకుంటోంది. అప్రెంటిస్‌గా చేరింది. గణపతిరావు చూసింది ఆ ఏప్రన్ అవతారాన్నే. అమ్మయ్య, రాసేశాను. నువ్వు లేచి నిలబడి ఉంటే కూర్చో. కాసిని నీళ్లు తాగు. స్కూలు మానలేదు, మానదు. అది మొట్టమొదట నీ చెవిన పడాలి.

వద్దన్నావని నాకు గుర్తుంది. కిందటేడు కాళీ పూజ వెళ్లగానే నువ్వు రైలెక్కుతుంటే, అది తాతలా, నీలా ఫిట్టర్ని అవుతానని ప్లాట్‌ఫాం మీద సరదాగా అంది. నువ్వు నవ్వలేదు. పెట్టె లోపలికి తోస్తూ నాతో అన్నావు, "నా కూతురి సేతిలో సుత్తి సూడనే నీలా. పుస్తకమే సూడాల" అని. పదో క్లాసు కాగానే మామయ్య నిన్ను రైల్వే వర్క్‌షాప్‌లో పెట్టేశారు, నీ పుస్తకాలు అటకెక్కాయి. పనిముట్టు చేతికొస్తే పుస్తకం చేజారుతుందని నీ భయం. ఆ భయం నాకు తెలియక కాదు.

మరెందుకు పంపాను? విను. ఈ ఏడు స్కూల్లో కొత్తగా ఈ ఏర్పాటు పెట్టారు. చదువు చదువే, పరీక్షలు పరీక్షలే, మధ్యాహ్నాలు మాత్రం కావలసినవాళ్లు పని నేర్చుకోవచ్చు. కళ్యాణి మేడమ్ తల్లిదండ్రులందరినీ పిలిచి చెప్పారు. ఇంటికి వచ్చాక వినీల నోరు విప్పి ఒక్క మాట అడగలేదు. అది అడిగి గోల పెట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మాట్లాడకుండా వస్తువులు విప్పడం మొదలుపెట్టింది. సైకిలు విప్పి బిగించింది. అత్త కుట్టుమిషను విప్పి బిగించింది, అది ఇప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతోంది. నేను మిక్సీ తీసుకెళ్లి బట్టల మధ్య దాచుకున్నాను. ఆఖరికి నేనే అడిగాను, "ఏటే నీ బాధ?" అని.

"నాకు ఎల్లాలనుందమ్మా" అంది. "గానీ నాన్న ఒప్పుకుంటేనే ఎల్తాను. నానడిగితే నాన్న గసురుతాడు. నువ్వడుగు."

అడుగుతాలే అన్నాను. ఆ అడగడం ఏమైందో కొంచెం ఆగి చెబుతాను. ముందు దాని పని ఎలా ఉందో విను, లేకపోతే మిగతాది నీకు పట్టదు.

అక్కడ పిల్లలకి పని నేర్పేది ఎవరో తెలుసా? ఆమోసు మాస్టారు. మామయ్యతో కలిసి వర్క్‌షాప్‌లో చేసిన ఆమోసే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక అక్కడికి వెళ్తున్నారు. ఆయన మనవరాలు జెనీ కూడా మనదానితోనే చేరింది. ఇద్దరూ స్కూలు నుంచి తిన్నగా బస్సెక్కుతారు. బస్సులోనే టిఫిన్ డబ్బా, బస్సులోనే హోంవర్కు.

మొదటి రోజే మాస్టారు దాని చేతికి ఒక ఇనప దిమ్మ, ఒక ఆకురాయి ఇచ్చి, "దీన్ని సమంగా అరగదియ్యమ్మా" అన్నారట. అంతే. రెండో రోజూ అదే దిమ్మ. ఆ వారమంతా అదే, పై వారమూ అదే. అరచేతుల నిండా బొబ్బలు. అన్నం కలుపుకుంటుంటే అత్త చూసేసింది.

"ఓలమ్మో! ఒలే నీలా, గుంట సేతులు సూసినావేటి? ఆడపిల్లకి ఇనపరజనేటే, నీకు బుద్దుందా?" అని నా మీద లేచింది. "మావ సేతులు ఇలాగే ఉండీవి గదత్తా" అన్నాను. "ఆయన సేతులు సూసి నాను ఏడవనేదేటి?" అంది. కానీ ఆ పూట నుంచి రోజూ దాని అరచేతులకి కొబ్బరినూనె రాసేది మీ అమ్మే. రాస్తూ తిడుతుంది, తిడుతూ రాస్తుంది.

నేను దాన్ని పక్కకి తీసుకెళ్లి, "కష్టంగా ఉంటే మానేయవే, ఎవరూ నవ్వరు" అన్నాను. నా వంక చూసి, "బొబ్బలు పగిలితే మానిపోతాయమ్మా. దిమ్మ ఇంకా సమం అవలేదు" అంది. ఆ మొండితనం ఎవరిదో నేను చెప్పాలా?

ఒక రోజు సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ కూసే వేళకి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఆ దిమ్మ, మాస్టారిని అడిగి తెచ్చుకున్న మూలమట్టం. నన్ను వంటింటి కిటికీ దగ్గర నిలబెట్టి, దిమ్మ మీద మూలమట్టం ఆనించి, నా కళ్ల ముందు ఎత్తి పట్టుకుంది. "మజ్జిలోంచి ఎలుగు కనిపిస్తందేటి, సూడమ్మా. బాగా సూడు" అంది. నేను ఒక కన్ను మూసి చూశాను, రెండో కన్ను మూసి చూశాను. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఎక్కడా వెలుగు లేదు. "లేదే" అన్నాను. అప్పుడు నవ్వింది చూడు బావా, పాలపళ్లు ఊడినప్పుడు నవ్వేది కదా, అచ్చం ఆ నవ్వు. ఆ నిమిషాన నువ్వు పక్కన లేవే అని నాకు ఏడుపొచ్చింది.

చదువు సంగతి. మార్కులు తగ్గిన రోజున ఏప్రన్ మేకుకి ఎక్కుతుందని మొదటే చెప్పాను. తగ్గలేదు. పైగా లెక్కల్లో కోణాలంటే మొహం వేలాడేసేది ఇప్పుడు జెనీకి చెప్పి పెడుతోంది. "పనికి పోయాక ప్రశ్నలు ఎక్కువ అడుగుతోంది" అని కళ్యాణి మేడమ్ అన్నారు. మెచ్చుకున్నారో విసుక్కున్నారో తెలీలేదు గానీ, నేను మెచ్చుకున్నట్టే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ ఊరంతా తిప్పి నిన్ను ఇక్కడికి తెచ్చాను.

నిన్ను అడుగుతానని దానికి చెప్పాను కదా? అడగలేదు. అడిగితే వద్దంటావు. వద్దన్నాక పంపితే నీ మాట కాదన్నట్టవుతుంది. అడగకుండా పంపితే కాదన్నట్టు కాదు గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. కొన్నాళ్లు ఆగి, దానితో అన్నాను, "నాన్న ఒప్పుకున్నాడే" అని.

అంతే, ఎగిరి నా మెడ పట్టుకుంది. "ఏటన్నాడు? ఎలాగన్నాడు? మాటకి మాట సెప్పమ్మా!" అని ఒకటే గోల. ఏం చెప్పను? నీ బదులు నేనే కల్పించాను. "మనసు పెట్టి నేర్చుకోమన్నాడు. సేతులు జాగర్త అన్నాడు" అన్నాను. అది పరుగెత్తుకెళ్లి అత్తకి చెప్పింది, జెనీకి చెప్పింది. బొబ్బలు మండుతుంటే, "నాన్న ముందే సెప్పినాడు సేతులు జాగర్తని" అని దానికదే చెప్పుకుంటుంటే విన్నాను బావా. నువ్వు అనని మాట పట్టుకుని అది అంత దూరం వచ్చింది. నాకు అన్నం సయించలేదు.

ఒక అబద్ధం ఆడాక ఊరుకుంటుందా? "నాన్నకి సైట్లో సవాలక్ష తలనొప్పులు, ఫోనులో ఈ ఊసు ఎత్తకు" అని దానికి చెప్పాను. నీకేమో ట్యూషన్ అని రాశాను. ఆదివారం నువ్వు బజారుకి దిగి ఫోను చేసినప్పుడల్లా నేను దాని పక్కనే కాపలా కాసేదాన్ని. నువ్వు ట్యూషన్ అనేలోపు ఫోను లాక్కుని, సిగ్నల్ లేదు సిగ్నల్ లేదు అని అరిచేదాన్ని. ఆ కొండలకి దండం పెట్టుకోవాలి, సగం సార్లు నిజంగానే ఉండేది కాదు.

కానీ అది మాత్రం ఎదురుచూసేది. నాన్న ఈ ఆదివారం అడుగుతాడు, దిమ్మ సమమైందా అని అడుగుతాడు, వచ్చే ఆదివారం అడుగుతాడు అని. నువ్వు భోంచేశావా, చదువుతున్నావా అని తప్ప ఇంకేమీ అడగవు. నీకు తెలిస్తే గదా! చివరికి అది, "నాన్న ఒప్పుకున్నాడు గానీ, ఇష్టం లేదమ్మా. అందుకే నా పని ఊసెత్తడు" అంది. అప్పట్నుంచి నీతో రెండు మాటలకి తగ్గించేసింది. అది మాట్లాడటం లేదని నువ్వక్కడ, నువ్వడగడం లేదని అదిక్కడ. మధ్యలో ఫోను పట్టుకుని నిలబడినదాన్ని నేను.

అది కూడా ఎలాగో నెట్టుకొచ్చేదాన్నేమో. సుత్తి కామ దగ్గర దొరికిపోయాను.

విశ్వకర్మ పూజ దగ్గరపడింది. ఆ రోజు కార్ఖానాలో ఎవరి పనిముట్టు వాళ్లు తుడిచి, బొట్టుపెట్టి వరసలో పెట్టాలి. అందుకని ఆమోసు మాస్టారు పిల్లలకి తలా ఒక సుత్తి తల ఇచ్చారు. ఉత్త ఇనపతల, పట్టుకునే కామ లేదు. మన సెటిల్‌మెంట్ ఆనవాయితీ నీకు నేను చెప్పాలా? మొదటి సుత్తికి కర్ర కామ ఇంటి పెద్ద చేతి మీదుగానే పడాలి. మోచేతి నుంచి పిడికిలి దాకా దారంతో కొలిచి, ఆ పొడవుకి కర్ర చెక్కి, తలలో బిగించి ఇవ్వాలి. ఇచ్చారంటే, వెళ్లి పని చేసుకొమ్మని దీవించినట్టు. ఆ కామ పడేదాకా కార్ఖానా సుత్తితో కొట్టుకోవాలే గానీ, ఇది నాది అని చెప్పుకోవడానికి లేదు.

జెనీకి వాళ్ల తాతే వేసి ఇచ్చేశారు. మనది మాత్రం సుత్తి తల తెచ్చి కిటికీ గూట్లో పెట్టుకుని, అడిగినవాళ్లకల్లా, "నాకు నాన్న పంపుతాడు" అని చెప్పింది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. గణపతిరావు వచ్చిన రోజున అతని సంచీ వంక ఎలా చూసిందో! అల్లం వచ్చింది, శాలువా వచ్చింది. ఇంకేమీ రాలేదు. లోపలికి వెళ్లి పుస్తకం తెరిచి కూర్చుంది. పేజీ తిప్పిన చప్పుడు లేదు.

నాకు ప్రాణం ఉసూరుమంది. మర్నాడు ఝపటాపూర్ వెళ్లి, వడ్రంగి దాదా దగ్గర మంచి నున్నటి కామ ఒకటి కొన్నాను. అది తెచ్చి దాని చేతిలో పెట్టి, "ఇదిగోనే, నాన్న పంపినాడు. గణపతిరావు సంచీ అడుగున ఉండిపోయిందంట" అన్నాను.

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. కామ సుత్తి తలలో అతికింది, నా మాటే అతకలేదు. అది సంబరంగా అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. పిడికిట్లో పట్టుకుని మోచేతికి ఆనించి చూసుకుంది. చూసుకుని ఆగిపోయింది.

"అమ్మా, నాన్న నా సెయ్యి ఎప్పుడు కొలిసినాడు?"

దారం! దారం మాటే మరిచిపోయాను బావా. ఈ సందుల్లోనే పుట్టి, ఈ సందుల్లోనే పెరిగి, ఎన్ని ఇళ్లలో ఎన్ని దారాలు తీయడం చూశాను! వడ్రంగి దగ్గర కర్ర నునుపు చూశాను గానీ, పిల్ల చెయ్యి కొలవాలన్న ఇంగితం లేకపోయింది. "నాన్నకి నీ సెయ్యి తెలీదేటే" అన్నాను.

"నాన్న ఎల్లినప్పుడు నాను ఇంకా పొట్టిగుండీదాన్ని" అంది. తర్వాత నా కళ్లలోకి చూసి, "నాన్నకి తెలుసా అమ్మా? నాను పనికి ఎల్తన్నానని నాన్నకి అసలు తెలుసా?" అని అడిగింది.

చెప్పేశాను. మొదట్నుంచి చివరిదాకా చెప్పేశాను.

అది అరిచి ఉంటే బాగుండేది. నీ కూతురు కదా, అరవలేదు. ఏప్రన్ ఉతికి, ఆరేసి, మడిచి, అత్త ట్రంకుపెట్టె మీద పెట్టింది. ఆ కొన్న కామ తెచ్చి నాకిచ్చి, "దీన్ని పప్పుగుత్తికి ఎట్టుకో అమ్మా" అంది. అంతే. అప్పట్నుంచి స్కూలుకి వెళ్తోంది, తిన్నగా ఇంటికొస్తోంది. కార్ఖానా వైపు వెళ్లడం లేదు. అత్త ఎంత నచ్చజెప్పినా ఒకటే మాట, "నాన్న ఒప్పుకుంటేనే అన్నాను గదా మామ్మా. నాన్న ఒప్పుకోలేదు గదా."

నిన్న ఆమోసు మాస్టారే వెతుక్కుంటూ వచ్చారు. పిల్లకి జ్వరం అని చెబుదామని ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, నిజం చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "తప్పు సేసినావు నీలవేణీ. పిల్ల సేసిందే రైటు" అన్నారు. "మీ ఆయన కిరణ్ మాట వచ్చీదాకా దాని చోటు కాలీగా ఉంచుతాను. పూజ దాకా ఉంచుతాను. ఆ తరవాత నా సేతిలో లేదమ్మా. బైట ఇంకో పిల్ల కాసుకుని ఉంది" అని వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక మీ అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒళ్లో నీ శాలువా. ఇన్నేళ్ల కాపురంలో నువ్వు నాకు చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

"నీ మొగుడికి కోపం సుత్తి మీద గాదే" అంది. "ఆడి సెయ్యి ఆల నాన్న ఎప్పుడు కొలిసినాడో ఎరుగుదువా? రేతిరి నిద్దరోతంటే కొలిసినాడు. లేపి అడిగితే సదువుకుంతాను అంతాడని, లేపకండా కొలిసీసినాడు. తెల్లారి లేచీసరికి కామ తయారు. ఆడు దాన్నట్టుకుని ఎలిపోనాడు గానీ, ఆ పూట అన్నం తిన్నేదు. నాను సూస్తా ఊరుకున్నాను."

బావా, అది విన్నాక నాకు నా మొహం అద్దంలో కనపడినట్టయింది. మామయ్య చేసిందే నేనూ చేశాను. అడిగితే వద్దంటావని అడగలేదు. అప్పుడు నిన్ను నిద్రలో కొలిచారు, ఇప్పుడు నిన్ను నిద్రలో ఉంచి నేను కానిచ్చాను. నిన్ను ఎవరూ అడగలేదు, అప్పుడూ ఇప్పుడూ. ఇంట్లో నిన్ను అడుగుదాం అన్నది ఒక్కర్తే, అది నీ కూతురు. నన్ను క్షమించమని కాళ్లు పట్టుకోను, నా వంతు నువ్వు ఎంత తిట్టినా పడతాను. దాని మీద మాత్రం కోపం పెట్టుకోకు. అది నీ మాట దాటలేదు.

వచ్చే ఆదివారం ఫోను చెయ్యి. ఒట్టు, నేను ముట్టుకోను. జామచెట్టు కింద ఆకులు ఊడ్చుకుంటూ ఉంటాను. నువ్వు అవునన్నా, కాదన్నా, ముందు మాత్రం దిమ్మ గురించి అడుగు. మధ్యలోంచి వెలుగు కనిపిస్తోందా అని అడుగు. రెండు నెలలుగా ఆ ఒక్క ప్రశ్న కోసం కూర్చుంది.

ఇక ఈ ఉత్తరం మడతలో ఒక దారం ఉంటుంది. పడిపోకుండా చూసుకో. ఇది ఫోనులో పంపలేను గదా. పొద్దున నేను కొలత తీశాను, అత్త పసుపు రాసింది. వినీల నీలాగా నిద్రలో లేదు, నా ఎదురుగా కూర్చుని తనే చెయ్యి చాపింది. మోచేతి నుంచి పిడికిలి దాకా వచ్చాక ముడి తనే వేసింది. నేను ముడి దగ్గర కత్తిరించబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "వేలెడు వదలవే. గుంట ఇంకా ఎదుగుద్ది" అంది. అది కూడా, "అవునమ్మా, స్కూలైపోయేసరికి సరిపోద్ది" అంది.

నీకు ఇష్టం లేకపోతే ఈ దారం వెనక్కి పంపెయ్యి. అది సుత్తి తల మాస్టారికి ఇచ్చేస్తుంది, నీ మీద ముఖం ముడుచుకోదు. నాకు మాటిచ్చింది. దాని మాట గట్టిదని నీకు ఇప్పుడు తెలిసింది కదా. ఇష్టమైతే, ఆ కొండల మీద కర్ర మంచిదని గణపతిరావు అన్నాడు, పూజకి అందేలా నీ చేత్తో ఒక కామ చెక్కి పంపు. చెక్కేటప్పుడు ముడి దగ్గర ఆగిపోకు బావా. ముడి దాకా ఇప్పటి పిల్ల. నువ్వు దారం కొస దాకా చెక్కు.

ఇట్లు,
నీ తిట్లకి సిద్ధంగా, నీ మాటకి ఎదురుచూస్తూ,
నీ మరదలు,
నీలవేణి